టీఎఫ్ఏ వాడేవాళ్ళకి: వేసే ముందే తీసే దారి చూసుకోండి

ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయిపోయి జీనోమ్ వ్యాలీలోనో నాచారంలోనో జీడిమెట్లలోనో ఆర్ అండ్ డీ ల్యాబ్‌లో కొత్తగా జాయినైనవాళ్ళకి మొదట్లోనే చేతికొచ్చే బాటిల్స్‌లో ట్రైఫ్లోరోఅసిటిక్ యాసిడ్ ఒకటి. ల్యాబ్‌లో పూర్తి పేరు ఎవరూ అనరు, టీఎఫ్ఏ అనే అంటారు. బాక్ (అమీన్‌ని కాపాడటానికి తగిలించే ప్రొటెక్టింగ్ గ్రూప్) తియ్యాలన్నా, టెర్ట్ బ్యూటైల్ ఎస్టర్ కొట్టాలన్నా, పెప్టైడ్‌ని రెసిన్ మీంచి దించాలన్నా, హెచ్‌పీఎల్‌సీలో (మిక్స్చర్‌ని విడదీసి చూసే మెషీన్) పీక్ షేప్ బాలేదన్నా అందరి చెయ్యీ దీని మీదకే పోతుంది. వాడటం చాలా ఈజీ, పోసి కలిపితే పనైపోతుంది, కష్టమంతా దాన్ని మళ్ళీ బయటకి పంపడంలోనే ఉంది. ఫ్లాస్క్ నుంచి, సాల్ట్ నుంచి, ఇన్‌స్ట్రుమెంట్ నుంచి, చివరికి నీళ్ళల్లోంచి కూడా. అందుకే కొత్తగా వచ్చిన పిల్లలకి నేను చెప్పేది ఒకటే, టీఎఫ్ఏ వేసేముందు అది ఎలా బయటకి పోతుందో నోట్‌బుక్‌లో రాసుకుని అప్పుడు బాటిల్ మూత తియ్యండి.

ముందు దీని గుణం తెలుసుకోవాలి

మన వెనిగర్‌లో ఉండే అసిటిక్ యాసిడ్ తీసుకుని దాని మిథైల్ మీదున్న మూడు హైడ్రోజన్ల ప్లేస్‌లో మూడు ఫ్లోరిన్లు పెడితే అదే టీఎఫ్ఏ. 1922లో బెల్జియం కెమిస్ట్ ఫ్రెడెరిక్ స్వార్ట్స్ మొదటిసారి తయారుచేశాడు, ఇప్పుడు ఇండస్ట్రీలో అసిటైల్ క్లోరైడ్‌నో అసిటిక్ అన్‌హైడ్రైడ్‌నో హెచ్ఎఫ్‌లో (హైడ్రోజన్ ఫ్లోరైడ్) పెట్టి కరెంటుతో ఫ్లోరినేట్ చేసి తర్వాత నీళ్ళతో హైడ్రోలైజ్ చేస్తారు. ఆ మూడు ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లని తమ వైపు గట్టిగా లాగేస్తాయి కాబట్టి ప్రోటాన్ వదిలాక మిగిలే యానయాన్ హాయిగా ఉంటుంది, దాంతో యాసిడ్ బలం విపరీతంగా పెరిగిపోతుంది. అసిటిక్ యాసిడ్ పీకేఏ (యాసిడ్ బలం చెప్పే నంబర్, తగ్గేకొద్దీ బలం ఎక్కువ) 4.76 ఐతే దీనిది 0.2 నుంచి 0.5 మధ్య చెప్తారు, అంటే పదివేల రెట్లకి పైనే బలమైన యాసిడ్.

రెండో గుణం ఇంకా పనికొచ్చేది. అసిటిక్ యాసిడ్ మాలిక్యులర్ వెయిట్ 60, మరుగేది 118 డిగ్రీల దగ్గర. టీఎఫ్ఏ వెయిట్ 114, బరువు దాదాపు డబుల్ కానీ మరిగేది మాత్రం 72 డిగ్రీల దగ్గరే. ఫ్లోరిన్ ఉన్న మాలిక్యూల్స్ పక్క మాలిక్యూల్స్‌ని పెద్దగా పట్టుకుని ఉండవు కాబట్టి త్వరగా ఎగిరిపోతాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కూడా బాక్ పోతుంది కానీ రియాక్షన్ అయ్యాక రోటాలో (వాక్యూమ్‌లో సాల్వెంట్ లాగే రోటరీ ఎవాపరేటర్) లాగేసుకోలేం కదా, ఇది స్ట్రాంగ్ యాసిడ్ అయ్యుండి కూడా లాగితే వచ్చేస్తుంది, పైగా డీసీఎంలో (డైక్లోరోమీథేన్), నీళ్ళల్లో, అసిటోనైట్రైల్‌లో దేన్లోనైనా కలుస్తుంది. మెడిసినల్ కెమిస్ట్రీ మొత్తం దీన్ని పట్టుకుని వేలాడేది అందుకే.

డెన్సిటీ 1.49, ఇది బాగా గుర్తుంచుకోండి. 10 ఎంఎల్ అంటే 10 గ్రాములు కాదు దగ్గర దగ్గర 15 గ్రాములు, అంటే 0.13 మోల్స్. నీట్ టీఎఫ్ఏ సుమారు 13 మోలార్ అన్నమాట, 1 ఎంఎల్‌కి 13 మిల్లీమోల్స్ అని గుర్తుపెట్టుకుంటే ప్రతిసారీ కాలిక్యులేటర్ తియ్యక్కర్లేదు.

ఇంకోటి, ల్యాబుల్లో చాలామంది టీఎఫ్ఏ అనగానే హెచ్ఎఫ్ లాగా ఎముకల్లోకి పోతుందని భయపడుతుంటారు. టీఎఫ్ఏ వేరు హెచ్ఎఫ్ వేరు. దీన్లో కార్బన్ ఫ్లోరిన్ బాండ్ చాలా గట్టిది, మామూలు ల్యాబ్ కండిషన్స్‌లో ఫ్లోరైడ్ ఊడి రాదు. మంటల్లో పడి డీకంపోజ్ ఐతే మాత్రం హెచ్ఎఫ్ వస్తుంది, కాబట్టి ఫైర్ అయితే అక్కడ నిలబడొద్దు. హెచ్ఎఫ్ కాదు కదా అని తేలిగ్గా తీసుకోడానికీ లేదు, చర్మం మీద పడితే లోతుగా కాలుతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

బాటిల్ తెరిచేటప్పుడు

ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవాలి, సాష్ (ముందుండే అద్దం తలుపు) కిందికి దించుకుని. మూత తియ్యగానే తెల్లగా పొగ వస్తుంది, గాల్లో తేమకి అలా అవుతుంది, వర్షాకాలంలో వైజాగ్ వైపు పరవాడ యూనిట్స్‌లో పనిచేసేవాళ్ళకి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఎండాకాలంలో ఏసీ లేని స్టోర్‌లో ఉన్న బాటిల్‌ని తెచ్చిన వెంటనే తెరవకండి, లోపల ప్రెజర్ ఉంటుంది, చల్లబడనిచ్చి మూత మెల్లగా కొంచెం కొంచెం తిప్పండి.

గ్లవ్స్ సంగతి సీరియస్‌గా తీసుకోండి. మనకి ఇచ్చే పల్చటి నీలం నైట్రైల్ గ్లవ్స్ టీఎఫ్ఏని ఎక్కువసేపు ఆపవు, డీసీఎంతో కలిసిందంటే ఇంకా తొందరగా లోపలికి వచ్చేస్తుంది. పెద్ద క్వాంటిటీ పోసేటప్పుడు బ్యూటైల్ రబ్బర్ లేదా నియోప్రీన్ మందపాటివి వేసుకోండి, చిన్న స్కేల్‌లో రెండు జతలు నైట్రైల్ వేసుకుని చుక్క పడిందనిపించిన క్షణమే పైజత తీసేయండి, పని అయ్యాక తీద్దాంలే అనుకోవద్దు. కొలవడానికి గ్లాస్ పిపెట్, గ్లాస్ మెజరింగ్ సిలిండర్ వాడాలి, రబ్బర్ ప్లంజర్ ఉన్న ప్లాస్టిక్ సిరంజ్‌లో తీస్తే ఆ రబ్బర్ ఉబ్బి మధ్యలో పట్టేస్తుంది, అప్పుడు బలంగా నొక్కారంటే నీడిల్ ఊడి మొహం మీదికి వస్తుంది. రబ్బర్ సెప్టమ్ కూడా తినేస్తుంది, టెఫ్లాన్ లైనింగ్ ఉన్న మూతలే ఆగుతాయి.

పడితే ఏం చెయ్యాలో ముందే తెలిసుండాలి. చర్మం మీద పడితే వెంటనే ట్యాప్ కింద పెట్టి కనీసం 15 నిమిషాలు ధారగా కడగాలి, బట్టల మీద పడితే మొహమాటం లేకుండా బట్టలు విప్పేసి షవర్ కిందికి వెళ్ళాలి, కంట్లో ఐతే ఐవాష్ దగ్గర రెప్పలు తెరిచి పట్టుకుని 15 నిమిషాలు కడిగి నేరుగా హాస్పిటల్‌కే, సేఫ్టీ డేటా షీట్ ప్రింట్ చేతిలో పట్టుకుని. చర్మం మీద బైకార్బ్ (సోడియం బైకార్బొనేట్) రుద్దడం లాంటివి చెయ్యొద్దు, నీళ్ళే. బెంచ్ మీద ఒలికితే మాత్రం బైకార్బ్ పొడి లేదా సోడా యాష్ చుట్టూ చల్లి నురగ ఆగేదాకా ఆగి అప్పుడు తుడవాలి, స్ట్రాంగ్ కాస్టిక్ పోయకూడదు, వేడెక్కి చిమ్ముతుంది.

దీంతో కలవకూడనివి కూడా ఉన్నాయి. ఎల్ఏహెచ్ (లిథియం అల్యూమినియం హైడ్రైడ్), సోడియం హైడ్రైడ్, బోరోహైడ్రైడ్ లాంటి హైడ్రైడ్స్‌తో తగిలితే హైడ్రోజన్ గ్యాస్ ఒక్కసారిగా వచ్చి మంట అంటుకుంటుంది. అంతకుముందు స్టెప్‌లో సోడియం అజైడ్ వాడి అది పూర్తిగా కడగకుండా బాక్ డీప్రొటెక్షన్‌కి వెళ్తే హైడ్రజోయిక్ యాసిడ్ వస్తుంది, అది విషమూ, పేలుతుంది కూడా. ముందు స్టెప్‌లో ఏం వాడారో చూడకుండా టీఎఫ్ఏ పోయకూడదు అనేది ఇందుకే.

బాక్ డీప్రొటెక్షన్

బాక్ 1957 నుంచి వాడుకలో ఉన్న ప్రొటెక్టింగ్ గ్రూప్. యాసిడ్ తగలగానే టెర్ట్ బ్యూటైల్ కార్బోకాటయాన్ ఊడిపోయి ఐసోబ్యూటిలీన్‌గా మారుతుంది, మిగిలిన కార్బమిక్ యాసిడ్ నుంచి కార్బన్ డయాక్సైడ్ పోయి అమీన్ మిగులుతుంది. అంటే రెండు గ్యాసులు బయటకి వస్తాయి. 10 మిల్లీమోల్ రియాక్షన్‌లో కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే పావు లీటర్ దాకా వస్తుంది, కాబట్టి ఫ్లాస్క్‌ని స్టాపర్ పెట్టి బిగించి వదిలెయ్యకండి, గార్డ్ ట్యూబో నైట్రోజన్ లైనో ఏదో ఒక దారి తెరిచి ఉండాలి. సీల్డ్ వయల్‌లో చేసేవాళ్ళని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

మామూలుగా 1 గ్రాము కాంపౌండ్‌కి 10 ఎంఎల్ డీసీఎం వేసి ఐస్ బాత్‌లో 0 నుంచి 5 డిగ్రీలకి తెచ్చి 2 నుంచి 5 ఎంఎల్ టీఎఫ్ఏ చుక్కచుక్కగా వేస్తారు, తర్వాత రూమ్ టెంపరేచర్‌కి తెచ్చి గంట నుంచి మూడు గంటలు కలపనిస్తారు. మొండి సబ్‌స్ట్రేట్ ఐతే ఒకటికి ఒకటి కూడా పెట్టొచ్చు. టెర్ట్ బ్యూటైల్ ఎస్టర్ ఐతే బాక్ కంటే మెల్లగా పోతుంది, ఓవర్‌నైట్ కావాల్సి రావచ్చు. సీబీజెడ్, బెంజైల్ ఈథర్, మిథైల్ ఎస్టర్, ఎఫ్‌మాక్ లాంటి వేరే ప్రొటెక్టింగ్ గ్రూప్స్ ఈ కండిషన్స్‌లో మామూలుగా నిలబడతాయి, ట్రిటైల్, అసిటాల్స్ మాత్రం పోతాయి, టీబీఎస్ ఉంటే ముందు చిన్న ట్రయల్ చేసి చూడండి.

టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) చూసేటప్పుడు రియాక్షన్ మిక్స్చర్‌ని డైరెక్ట్‌గా స్పాట్ పెడితే యాసిడ్ వల్ల అంతా సాగిపోయి బేస్‌లైన్ మీద ముద్దలా కనిపిస్తుంది, స్టార్టింగ్ మెటీరియల్ ఉందో లేదో అర్థం కాదు. చిన్న వయల్‌లో రెండు చుక్కలు తీసుకుని బైకార్బ్ నీళ్ళు, కొంచెం ఇథైల్ అసిటేట్ వేసి ఊపి పైలేయర్ స్పాట్ పెట్టండి, నిన్‌హైడ్రిన్ కొట్టి వేడి చేస్తే ఫ్రీ అమీన్ రంగు చూపిస్తుంది. ఎల్‌సీఎంఎస్ (మాస్ స్పెక్ తగిలించిన హెచ్‌పీఎల్‌సీ) చూస్తే ఇంకో తిరకాసు, బాక్ కాంపౌండ్ మాస్ స్పెక్‌లోనే విరిగి 56 తక్కువగానో 100 తక్కువగానో కనిపిస్తుంది, ఆ 100 తక్కువ చూసి రియాక్షన్ అయిపోయింది అనేస్తారు. రిటెన్షన్ టైమ్ మారిందా లేదా అన్నదే చూడాలి, మాస్ ఒక్కదాన్నీ నమ్మకూడదు.

రియాక్షన్ అయ్యాక అసలు పని

రోటాలో పెట్టేటప్పుడు బాత్ 35, 40 డిగ్రీలు దాటించక్కర్లేదు, వాక్యూమ్ మెల్లగా పెంచండి, ముందు డీసీఎం పోతుంది తర్వాత టీఎఫ్ఏ. డయాఫ్రమ్ పంప్ టెఫ్లాన్‌దైతే తట్టుకుంటుంది, ఆయిల్ పంప్‌కి డైరెక్ట్‌గా కలిపితే ఆయిల్ పాడవుతుంది లోపలి మెటల్ తుప్పు పడుతుంది. కోల్డ్ ట్రాప్ తప్పనిసరి, కానీ టీఎఫ్ఏ మైనస్ 15 దగ్గరే గడ్డ కడుతుంది కాబట్టి డ్రై ఐస్ ట్రాప్‌లో మంచులా పేరుకుని ట్యూబ్ మూసుకుపోతుంది, మధ్యమధ్యలో ట్రాప్ చూసుకుంటూ ఉండాలి. అయ్యాక రోటా కండెన్సర్‌ని, రిసీవర్‌ని కడిగి పెట్టండి, తర్వాత వచ్చేవాళ్ళ యాసిడ్ సెన్సిటివ్ కాంపౌండ్ మీరు వదిలేసిన చుక్కకి నాశనమైపోతుంది.

మిగిలిన టీఎఫ్ఏ పోవడానికి టోలుయీన్ వేసి రెండు మూడు సార్లు కో-డిస్టిల్ చేస్తారు, మంచి పద్ధతి. కొంతమంది రోజంతా లాగుతూనే ఉంటారు వెయిట్ తగ్గట్లేదని, అక్కడ కాన్సెప్ట్ అర్థం చేసుకోవాలి. ఫ్రీగా ఉన్న టీఎఫ్ఏ మాత్రమే వాక్యూమ్‌కి పోతుంది, అమీన్‌తో సాల్ట్ కట్టిన టీఎఫ్ఏ ఎంత లాగినా పోదు. ఒక లెక్క చూడండి. 300 వెయిట్ ఉన్న బాక్ అమీన్ 3 గ్రాములు అంటే 10 మిల్లీమోల్స్. బాక్ పోయాక ఫ్రీ అమీన్ 200 వెయిట్, అంటే 2 గ్రాములు రావాలి. కానీ అది సాల్ట్‌గా ఉంటుంది కాబట్టి 200కి 114 కలిపి 314, అంటే 3.14 గ్రాములు వస్తే అది 100 శాతం. మీకు 4 గ్రాముల జిగురు వచ్చిందనుకోండి, పైన ఉన్న 0.86 గ్రాము ఎక్కువగా మిగిలిపోయిన టీఎఫ్ఏ, సాల్వెంట్. ఆ 4 గ్రాములని ఫ్రీ అమీన్ లెక్కన తీసుకుని నోట్‌బుక్‌లో యీల్డ్ 200 శాతం అని వేస్తే మేనేజర్ అడిగే ప్రశ్నకి జవాబు ఇదే. డైఈథైల్ ఈథర్‌తోనో ఎంటీబీఈతోనో (మిథైల్ టెర్ట్ బ్యూటైల్ ఈథర్) ట్రైచ్యురేట్ చేస్తే, అంటే కలిపి రుద్ది కడిగితే, ఆ ఎక్స్‌ట్రా టీఎఫ్ఏ ఈథర్‌లోకి పోయి సాల్ట్ పొడిగా వచ్చే ఛాన్స్ ఉంది, నాకైతే గంటలు గంటలు పంప్ మీద వదిలెయ్యడం కంటే ఇదే నచ్చుతుంది.

ఈ లెక్క నెక్స్ట్ స్టెప్‌కి ప్రాణం. అమైడ్ కప్లింగ్‌కి ఆ జిగురునే తీసుకెళ్ళి మామూలుగా వేసే 2 ఈక్వివలెంట్స్ డీఐపీఈఏ వేస్తే ఆ బేస్ అంతా టీఎఫ్ఏని న్యూట్రలైజ్ చెయ్యడానికే సరిపోతుంది, అమీన్ ప్రోటోనేట్ అయ్యే ఉంటుంది, రియాక్షన్ కదలదు. రియాక్షన్ వర్క్ అవ్వట్లేదని రియేజెంట్ మార్చేస్తుంటారు, హెచ్ఏటీయూ తీసి ఇంకోటి పెడతారు, తప్పు రియేజెంట్‌ది కాదు, బేస్ లెక్కది. ముందు తడి పీహెచ్ పేపర్‌కి ఒక చుక్క తాకించి చూడండి, బేసిక్ అయ్యేదాకా బేస్ వెయ్యండి. ఇంకా దారుణం ఏంటంటే మిగిలిన ట్రైఫ్లోరోఅసిటేట్ కూడా ఒక కార్బాక్సిలేటే కదా, కప్లింగ్ ఏజెంట్ దాన్ని కూడా యాక్టివేట్ చేసి మీ అమీన్‌కి తగిలించేస్తుంది, అప్పుడు ఎల్‌సీఎంఎస్‌లో అమీన్ ప్లస్ 96 మాస్ కనిపిస్తుంది. ప్లస్ 96 కనిపిస్తే ట్రైఫ్లోరోఅసిటమైడ్ అని అర్థం. అలాగే ప్లస్ 56 కనిపిస్తే ఊడిన టెర్ట్ బ్యూటైల్ కాటయాన్ తిరిగొచ్చి మీ మాలిక్యూల్‌లో ఎలక్ట్రాన్ రిచ్ చోట అతుక్కుందని, అప్పుడు ట్రైఐసోప్రొపైల్‌సైలేన్‌నో అనిసోల్‌నో స్కావెంజర్‌గా (ఆ కాటయాన్‌ని పట్టేసేది) వేసి మళ్ళీ చెయ్యండి.

ఫ్రీ బేస్ కావాలంటే

బైకార్బ్‌తో కడగడం అందరికీ తెలుసు కానీ ఎంత కావాలో లెక్క ఎవరూ వెయ్యరు. 10 ఎంఎల్ టీఎఫ్ఏకి 11 గ్రాముల బైకార్బ్ కావాలి, శాచ్యురేటెడ్ సొల్యూషన్ 100 ఎంఎల్‌లో ఉండేదే 9, 10 గ్రాములు. అంటే 10 ఎంఎల్ టీఎఫ్ఏ వేసిన రియాక్షన్‌ని రోటా చెయ్యకుండా 50 ఎంఎల్ బైకార్బ్‌తో కడిగితే సగం కూడా న్యూట్రలైజ్ అవ్వదు, మీ అమీన్ సాల్ట్‌గా నీళ్ళలోకి పోయి ఆర్గానిక్ లేయర్‌లో ఏమీ ఉండదు. పైగా ఆ 10 ఎంఎల్‌కి మూడు లీటర్లకి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సెప్ ఫనెల్ (సెపరేటింగ్ ఫనెల్) మూత పెట్టి ఊపితే స్టాపర్ ఎగిరిపోతుంది. అందుకని ముందు బీకర్‌లో కలుపుతూ మెల్లగా న్యూట్రలైజ్ చేసి పీహెచ్ పేపర్ పెట్టి చూసి అప్పుడు సెప్ ఫనెల్‌లోకి తీసుకోండి.

చిన్న అమీన్స్, రెండు మూడు నైట్రోజన్లు ఉన్నవి నీళ్ళలోనే ఉండిపోతాయి, డీసీఎంలోకి రావు. నీళ్ళని ఉప్పుతో శాచ్యురేట్ చేసి డీసీఎంలో 10 శాతం మెథనాల్ కలిపి ఎక్స్‌ట్రాక్ట్ చేసి చూడండి, లేదా క్లోరోఫామ్ ఐపీఏ (ఐసోప్రొపనాల్) 3:1. అదీ కుదరకపోతే ఎస్‌సీఎక్స్ కార్ట్రిడ్జ్ (అమీన్‌ని పట్టుకునేది) మీద పోసి మెథనాల్‌తో కడిగి మెథనాలిక్ అమ్మోనియాతో దించుకోవచ్చు, టీఎఫ్ఏ మెథనాల్‌తోనే పోతుంది అమీన్ అమ్మోనియాతో వస్తుంది, చాలా క్లీన్ పద్ధతి. నిజానికి చాలాసార్లు ఫ్రీ బేస్ చెయ్యాల్సిన అవసరమే లేదు, సాల్ట్ లెక్క కరెక్ట్‌గా వేసుకుని అలాగే తర్వాతి స్టెప్‌కి తీసుకెళ్ళొచ్చు.

ఇంకో మాట, ప్రతిసారీ టీఎఫ్ఏనే ఎందుకు? 4 మోలార్ హెచ్‌సీఎల్ డయాక్సేన్‌లో వేస్తే చాలా సబ్‌స్ట్రేట్స్‌లో హెచ్‌సీఎల్ సాల్ట్ పొడిగా పడిపోతుంది, ఫిల్టర్ చేసుకుంటే చాలు, జిగురు గోల లేదు. స్కేల్ పెరిగినప్పుడు ప్లాంట్‌వాళ్ళు కూడా వీలైనంతవరకు ఐపీఏలో హెచ్‌సీఎల్ లాంటివే అడుగుతారు, ఎందుకంటే టీఎఫ్ఏ స్టీల్‌ని తింటుంది, గ్లాస్ లైన్డ్ రియాక్టర్ కావాలి, రేటు ఎక్కువ, వేస్ట్ ఖర్చు ఇంకా ఎక్కువ. కెమిస్ట్ దగ్గర 2 గ్రాముల మీద ఈజీగా ఉన్న స్టెప్ 200 కిలోల మీద తలనొప్పి అవుతుంది.

పెప్టైడ్ వాళ్ళకి

1963లో మెరీఫీల్డ్ సాలిడ్ ఫేజ్ పద్ధతి తెచ్చాడు, 1984లో దానికి నోబెల్ వచ్చింది. ఆ బాక్ పద్ధతిలో చివర్లో రెసిన్ మీంచి దించడానికి లిక్విడ్ హెచ్ఎఫ్ దాకా వెళ్ళాల్సి వచ్చేది, దానికి స్పెషల్ సెటప్ కావాలి. ఎఫ్‌మాక్ కెమిస్ట్రీ వచ్చాక చివరి క్లీవేజ్‌కి టీఎఫ్ఏ సరిపోతోంది, మామూలు ల్యాబ్‌లో కూడా పెప్టైడ్ చెయ్యగలుగుతున్నామంటే అందుకే, ఇప్పుడు సెమాగ్లుటైడ్ లాంటి మందుల వల్ల మన దగ్గర కూడా పెప్టైడ్ పని బాగా పెరిగింది.

స్టాండర్డ్ కాక్‌టెయిల్ టీఎఫ్ఏ 95, టీఐఎస్ (పైన చెప్పిన ట్రైఐసోప్రొపైల్‌సైలేన్) 2.5, నీళ్ళు 2.5 శాతం. గ్రాము రెసిన్‌కి 10 ఎంఎల్ చొప్పున వేసి రెండు మూడు గంటలు, ఆర్జినిన్ మీద పీబీఎఫ్ ప్రొటెక్టింగ్ గ్రూప్స్ ఎక్కువ ఉంటే ఇంకాసేపు. సిస్టీన్ ఉంటే ఈడీటీ (ఇథేన్‌డైథయాల్) కూడా కావాలి, దాని కంపు ఫ్లోర్ అంతా వస్తుంది కాబట్టి గ్లాస్‌వేర్‌ని హుడ్‌లోనే బ్లీచ్‌లో నానబెట్టండి, ఐతే యాసిడ్ అంతా కడిగేశాకే, ఎందుకంటే యాసిడ్ తగిలితే బ్లీచ్ క్లోరిన్ వదులుతుంది. ఫిల్టర్ చేసి కొంచెం కాన్సన్‌ట్రేట్ చేశాక దాదాపు పది రెట్లు చల్లటి ఈథర్‌లో పోస్తే పెప్టైడ్ తెల్లగా పడుతుంది, సెంట్రిఫ్యూజ్ చేసి మళ్ళీ ఈథర్‌తో కడగాలి. డైఈథైల్ ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది, మన ఏప్రిల్ మే నెలల్లో బయట టెంపరేచర్ దానికంటే ఎక్కువ, కరెంట్ పోయి ఏసీ ఆగితే బాటిల్ మరిగే పరిస్థితి, నేనైతే ఎంటీబీఈనే వాడమంటాను, అది కూడా ఫ్రీజర్‌లో పెట్టి బాగా చల్లబరిచినదే.

ఆ తర్వాత ప్రెప్ హెచ్‌పీఎల్‌సీ చేసి లయో (ఫ్రీజ్ చేసి వాక్యూమ్‌లో ఆరబెట్టడం) పెడతారు. ఫ్రాక్షన్స్‌లో టీఎఫ్ఏ, అసిటోనైట్రైల్ ఎక్కువ ఉంటే ఫ్రీజ్ అయినట్టే అయ్యి వాక్యూమ్‌లో కరిగిపోయి నురగలా బయటకి వస్తుంది, ముందు అసిటోనైట్రైల్ లాగేసి నీళ్ళతో డైల్యూట్ చేసి అప్పుడు పెట్టండి. వచ్చిన తెల్ల పొడి టీఎఫ్ఏ సాల్ట్ అని లేబుల్ మీద రాయండి. మూడు బేసిక్ సైట్స్ ఉంటే మూడు టీఎఫ్ఏలు, అంటే 342 అదనం, 1000 వెయిట్ పెప్టైడ్‌లో నాలుగో వంతు టీఎఫ్ఏనే అన్నమాట. బయాలజీ వాళ్ళు 1 మిల్లీగ్రాము తూచి 10 మిల్లీమోలార్ స్టాక్ చేసుకుంటారు, మీరు ఈ విషయం చెప్పకపోతే వాళ్ళ ఐసీ50 (సగం ఎఫెక్ట్ ఆపడానికి కావాల్సిన కాన్సన్‌ట్రేషన్) నంబర్స్ అన్నీ తప్పొస్తాయి. కొన్ని సెల్ అస్సేల్లో టీఎఫ్ఏ తనంతట తానే ఎఫెక్ట్ చూపిస్తుంది కాబట్టి బయాలజీకి పంపేవి డైల్యూట్ హెచ్‌సీఎల్‌లో కరిగించి మళ్ళీ లయో చేసి హెచ్‌సీఎల్ సాల్ట్‌గా మార్చి పంపడం మంచిది. టీఎఫ్ఏ ఎంత మిగిలిందో చూడాలంటే ఫ్లోరిన్ ఎన్ఎంఆర్‌లో ఇంటర్నల్ స్టాండర్డ్ పెట్టి కొలవచ్చు, మైనస్ 74, 76 పీపీఎం దగ్గర ఒకే పీక్ వస్తుంది. కార్బన్ ఎన్ఎంఆర్‌లో 117 దగ్గర ఒకటి 159 దగ్గర ఒకటి నాలుగు గీతల క్వార్టెట్స్ కనిపిస్తే కంగారు పడకండి, ఇంప్యూరిటీ కాదు, టీఎఫ్ఏ అది.

హెచ్‌పీఎల్‌సీలో

లీటర్ నీళ్ళకి 1 ఎంఎల్ వేస్తే 0.1 శాతం, పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. కాలమ్ సిలికా మీదున్న సైలనాల్స్ అప్పుడు అయనైజ్ అవ్వవు, అమీన్స్‌తో టీఎఫ్ఏ జత కట్టి పీక్ సన్నగా వస్తుంది, ఫాస్ఫేట్ లాగా ఎండితే ఉప్పు మిగలదు. 215 నానోమీటర్ల దగ్గర చూసేటప్పుడు గ్రేడియెంట్‌తో పాటు బేస్‌లైన్ పైకి కదులుతుంటే బీ సాల్వెంట్‌లో (అసిటోనైట్రైల్) టీఎఫ్ఏ కొంచెం తగ్గించి 0.085 శాతం పెట్టండి, సరిపోతుంది. పాత బాటిల్ వాడొద్దు, 1 ఎంఎల్ సీల్డ్ యాంప్యూల్స్ దొరుకుతాయి, ఒకటి విరిచి ఒక లీటర్ చేసుకోవడం ఉత్తమం.

ఎల్‌సీఎంఎస్ మెషీన్‌లో మాత్రం అడక్కుండా టీఎఫ్ఏ పెట్టకండి. సిగ్నల్‌ని అణిచేస్తుంది, నెగటివ్ మోడ్‌లో 113 మాస్ రోజుల తరబడి వస్తూనే ఉంటుంది, ట్యూబింగ్‌లో పట్టుకుని వదలదు. అక్కడ 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్ వాడండి.

వేస్ట్

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇది, ఎందుకంటే ఏ కార్బన్ ఫ్లోరిన్ బాండ్ గట్టిదనం మనకి ల్యాబ్‌లో పనికొస్తోందో అదే బయట సమస్య. టీఎఫ్ఏ నేలలో, నీళ్ళలో దాదాపు విరగదు, బ్యాక్టీరియా తినవు, నీళ్ళతో పాటు ఎక్కడికంటే అక్కడికి పోతుంది, మామూలు బయలాజికల్ ఈటీపీ (ఫ్యాక్టరీ మురికినీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్) ట్యాంక్‌లోంచి అలాగే దాటిపోతుంది, యాక్టివేటెడ్ కార్బన్ కూడా దీన్ని సరిగ్గా పట్టుకోదు. బైకార్బ్ వేశాం పీహెచ్ 7 అయ్యింది ఇక సింక్‌లో పోయొచ్చు అనుకోవడం పెద్ద పొరపాటు, న్యూట్రలైజ్ చేస్తే యాసిడ్‌తనం పోయింది గానీ ట్రైఫ్లోరోఅసిటేట్ సోడియం సాల్ట్‌గా అక్కడే ఉంది.

ప్రపంచంలో వానల్లో, భూగర్భ జలాల్లో కనిపిస్తున్న టీఎఫ్ఏలో ఎక్కువ భాగం ల్యాబుల నుంచి వచ్చింది కాదు, ఏసీ గ్యాసులు, కొన్ని పురుగుమందుల నుంచి వస్తోంది. కొత్త కార్ల ఏసీల్లో వాడే హెచ్ఎఫ్‌ఓ 1234వైఎఫ్ గాల్లో కలిస్తే దాదాపు మొత్తం టీఎఫ్ఏగానే మారి వానతో కిందికి దిగుతుంది, అంతకుముందు వాడిన 134ఏ ఐతే కొంత భాగమే. యూరప్‌లో దీన్ని పునరుత్పత్తికి హాని చేసే పదార్థంగా వర్గీకరించాలని జర్మనీ ప్రతిపాదన పెట్టింది. మన వాటా చిన్నదే కదా అని వదిలెయ్యడానికి లేదు, పటాన్‌చెరు, నక్కవాగు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇండస్ట్రీ నీళ్ళతో ఎన్నేళ్ళు బాధపడ్డారో మనకి తెలుసు, ఒకసారి బోరు నీళ్ళలోకి పోయినదాన్ని వెనక్కి తియ్యడం ఎవరి వల్లా కాదు, టీఎఫ్ఏ ఐతే అసలే కాదు.

కాబట్టి రోటా రిసీవర్‌లో వచ్చిన డీసీఎం టీఎఫ్ఏ మిక్స్చర్, ట్రాప్‌లోది, హెచ్‌పీఎల్‌సీ వేస్ట్ క్యాన్‌లోది, మొదటి బైకార్బ్ వాష్ ఇవన్నీ విడిగా పట్టి ఇన్‌సినరేషన్‌కి పంపాలి. ఆర్గానిక్ యాసిడ్ వేస్ట్‌ని ఎక్వియస్ బైకార్బ్ వాష్‌తో ఒకే క్యాన్‌లో పొయ్యొద్దు, మూత బిగిస్తే గ్యాస్‌కి క్యాన్ ఉబ్బి పగులుతుంది, అమీన్ వేస్ట్, అజైడ్ వేస్ట్ దగ్గరికి అసలే తేవద్దు. ప్లాస్టిక్ క్యాన్ వాడండి, ఇనుప డ్రమ్ వద్దు, పైన గ్యాస్ పోయే మూత ఉండాలి, లేబుల్ మీద టీఎఫ్ఏ ఉంది అని ఎంత శాతమో రాసి డేట్ వెయ్యండి, ఎందుకంటే నైట్ షిఫ్ట్‌లో ఆ క్యాన్ ఎత్తే హెల్పర్‌కి లోపల ఏముందో చెప్పేది ఆ లేబుల్ ఒక్కటే.